ట్రయల్ వెర్షన్ పాట

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నేను ఉండవలసింది హైదరాబాదు హాస్టల్లో, చదవవలసింది బి.ఎడ్. కానీ క్లాసులు జరిగిన రోజులకంటే జరగని రోజులే ఎక్కువ. చివరికి హాస్టలు మెస్సు కూడా మూతపడేసరికి సంచి సర్దుకుని సిద్దిపేటలో మా అక్క ఇంటికి వచ్చి పడ్డాను. అక్కకు పనిలో సాయం చేద్దామనే వచ్చాను. బావ చేతికి చిక్కాను.

మా బావది పెళ్లి వీడియోల దుకాణం. పాత బస్టాండు పక్క సందులో ముందు గది దుకాణం, వెనక గది ఆయన ప్రాణం, ఆ వెనకే ఇల్లు. ఆ వెనక గదిని రికార్డింగు స్టూడియో చేశాడు. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాడు. అట్టలు సగం గోడకే అయిపోతే మిగతా సగానికి గొర్లకాపరుల దగ్గర గొంగళ్లు కొని వేలాడదీశాడు. వాన పడ్డ రోజు ఆ గదిలోకి వచ్చినవాళ్లు ముందు గొర్రెలెక్కడున్నాయని వెతికేవాళ్లు, ఆ తర్వాత మైకు ఎక్కడుందని.

అప్పట్లో ఊరికో పాట పుడుతుండేది. ధర్నాకు, ర్యాలీకి, దీక్షా శిబిరానికి, అన్నిటికీ పాట కావాలి. చుట్టుపక్కల మండలాల నుంచి పాట కట్టినవాళ్లు, పాడేవాళ్లు బావ దగ్గరికి వచ్చి రికార్డు చేయించుకునేవాళ్లు. బావ పుణ్యానికి చేసినట్టే చేసేవాడు. ఆయనకున్న దుఃఖమల్లా ఒక్కటే. ఊరేగింపు జీపు మైకులో హైదరాబాదులో తయారైన పాట తర్వాత ఈయన చేసిన పాట వేస్తే తేడా తెలిసిపోయేది.

"ఆళ్ల పాట రోడ్డు మీద నడుస్తది మరదలా. నా పాట బాయిల పడి మొత్తుకున్నట్టుంటది" అనేవాడు అన్నం ముందు కూర్చుని.

"నిన్న గూడ గిదే చెప్పినవ్. పప్పు పోసుకో" అనేది అక్క.

ఆ దుఃఖానికి మందు తెచ్చింది భాయ్. భాయ్ అంటే బావ దోస్తు. పగలు మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుట్టేవాడు, పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవాడు. ఒక మధ్యాహ్నం పెన్‌డ్రైవు పట్టుకుని, ఎండలో పరుగెత్తినట్టు వచ్చాడు.

"భాయ్‌జాన్, దొరికింది! హైదరాబాదోళ్లు గొంతుకు ఏమేం పూస్తరో అన్నీ ఒక్క బండిల్‌ల ఉన్నయ్. నెట్ సెంటర్‌ల కూసొని పూటంతా దించిన. ట్రయల్ వెర్షన్. కొన్నొద్దులు ఫ్రీ."

"బండిల్ అంటే?" అని బావ నా వైపు చూశాడు.

"మూట" అన్నాను.

ఆ మాట బావకు ఎంత నచ్చిందో! ఆనాటి నుంచి మా ఇంట్లో అది మూటే. కంప్యూటర్లో పాట మీద రకరకాలుగా పనిచేసే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లను ప్లగిన్లు అంటారని, గొంతును సన్నం చేసేది ఒకటి, దిట్టం చేసేది ఒకటి, మోగించేది ఒకటి, అన్నీ కలిపి ఈ మూటలో ఉన్నాయని భాయ్ చెప్పాడు. ఎట్లా వాడాలో చెప్పే పుస్తకం కూడా ఉంది, కానీ ఇంగ్లీషులో. అదిగో, నేను చిక్కింది అక్కడ.

పొద్దున వంట కాగానే బావ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవాడు. నేను చదవడం, తెలుగులో చెప్పడం, ఆయన తన భాషలో అర్థం చేసుకోవడం.

"కంప్రెసరు. గట్టిగా వచ్చిన సౌండును తగ్గిస్తుందట, చిన్నగా వచ్చిన సౌండును పైకి తెస్తుందట."

గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న అక్క తలెత్తింది. "గసొంటిదొకటి మన ఇంట్ల పెట్టు. నువ్వు పిలిస్తె వాడకట్టంత ఇనవడ్తది, నేను పిలిస్తె నీకు పక్క రూంల గూడ ఇనవడది."

"లిమిటరు. ఎంత అరిచినా ఒక గీత దాటనియ్యదట."

"పోలీసు" అన్నాడు బావ, వెంటనే అర్థమైపోయి. "తర్వాత?"

అట్లా చదువుకుంటూ పోతే చివర్లో చిన్న అక్షరాల్లో ఒక మాట కనిపించింది. అది కూడా చదివాను. "ట్రయల్ గడువు అయిపోయాక, కొనేదాకా మధ్యమధ్యలో సౌండు బంద్ చేస్తారట బావా."

"గప్పటి సంగతి గప్పుడు. ముందుగాల మోగించేది ఏడుందో సూడు."

మూట విప్పిన వారానికే మిరుదొడ్డి పెద్దవ్వ వచ్చింది. ఆమె మాకు చుట్టమేమీ కాదు. మిరుదొడ్డిలో నాట్ల పాటలకు, పెళ్లి పాటలకు ఆమెను మించినవాళ్లు లేరని పేరు. ఆ పేరు అందరికంటే ముందు ఆమే చెప్పేది. ఆమెను తీసుకొచ్చింది ఒక కాలేజీ సారు. ఉద్యమ కమిటీలో పెద్దమనిషి. ఆమె నాటు పాట బాణీకి ఆయన కొత్త మాటలు రాశాడు. రాబోయే వంటావార్పుకు, అంటే హైవే మీద పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తినే నిరసనకు, ఆ పాట సిద్ధం కావాలి.

పెద్దవ్వ గదంతా కలియజూసి, ఒక గొంగడి చివర పట్టుకుని ఉన్ని నలిపి చూసి, "కొత్త గొంగడి గాదిది" అని తేల్చింది. బావ ఫ్యాను ఆపాడు, చప్పుడు మైకులో పడుతుందని.

"ఫ్యాను బంద్ జేస్తె నా పాట గూడ బందే" అందామె.

చివరికి చరణానికీ చరణానికీ మధ్య ఫ్యాను వేసేలా ఒప్పందం కుదిరింది. పల్లవి ఎత్తుకోగానే, చప్పుడు హద్దు దాటిందని కంప్యూటరు తెర మీద ఎర్ర గీత అంటుకుంది. బావ మైకును ఒక అడుగు వెనక్కి జరిపాడు. మళ్లీ ఎరుపే. ఇంకొంచెం జరిపాడు. ఆమె గొంతుకు మైకు అట్లా వెనక్కి నడుస్తూ నడుస్తూ పోయి గడప దగ్గర ఆగింది. మైకు గడప దగ్గర, బావ గడప అవతల, పెద్దవ్వ లోపల ఎదుటి గోడకు ఆనుకుని. అట్లా రికార్డయింది ఆ పాట. నిజం చెప్పాలంటే, ఆ గొంతు విని నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆమె మాత్రం పాట అయిపోగానే "ఫ్యానెయ్యి" అంది.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. పాటను కలిపి చక్కదిద్దే రోజు. బావ మూట విప్పాడు. పెద్దవ్వ, సారు, భాయ్ అందరూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. గొంతును మోగించే ప్లగిన్లో ఏ చోట పాడినట్టు మోగాలో ఎంచుకోవడానికి పేర్లుంటాయి. చిన్న గది, పెద్ద హాలు, గుహ, అట్లా. బావ ఒకటి నొక్కాడు. పెద్దవ్వ గొంతు ఆకాశంలోంచి దిగినట్టు మోగింది.

"ఇదేంది మరదలా, ఏం రాసుంది?"

"పెద్ద చర్చి బావా. మన మెదక్‌లో ఉంది చూడు, అట్లాంటిది."

"నన్ను చర్చిల నిలవెట్టినవా బిడ్డా?" అంది పెద్దవ్వ. కోపమేమో అనుకున్నాం. "మంచిగున్నది. ఇంకింత పెంచు."

"మసీదు లేదా అందుల?" అని భాయ్ తెర మీదికి వంగి చూశాడు.

సారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మోగుడు బాగనే ఉంది గని, నా మాటలు ఒక్కటి ఇనవడ్తలేవు. ప్రజలకు చేరాల్సింది మాట."

"నీ మాటలు గోడల మీద రాయి సారూ. పాటల గొంతే గావాలె" అంది పెద్దవ్వ.

బావ తగ్గిస్తే పెద్దవ్వ అలిగేది, పెంచితే సారు లేచి నిలబడేవాడు. ఈ లోపు భాయ్ తన చెయ్యి ఊరుకోక, శ్రుతి దిద్దే ప్లగిన్ ఒకటి పెద్దవ్వ గొంతు మీద పడేశాడు. ఆమె శ్రుతి కీబోర్డు మెట్ల మీద నడిచేది కాదు, మెట్ల మధ్య సందుల్లోంచి పోయేది. ఆ ప్లగిన్ ప్రతి అక్షరాన్నీ లాగి దగ్గరున్న మెట్టు మీద కూర్చోబెట్టింది. స్పీకర్లోంచి పాట వచ్చింది. రైల్వే స్టేషనులో బండ్ల రాకపోకలు చెప్పే ఆడగొంతు నాటు వేస్తున్నట్టుంది. చాయ్ తెచ్చిన అక్క కప్పుల పళ్లెంతో సహా గడపలోనే ఆగిపోయింది.

"ఎవలీ పిల్ల?" అంది పెద్దవ్వ.

"నువ్వే పెద్దవ్వా."

ఆమె స్పీకరు దగ్గరికి వంగి వింది. మొహం మెల్లగా వెలిగింది. "గిదే ఉంచు."

"పెద్దవ్వా, నక్కో! వద్దు! కంప్యూటర్ పాడినట్టుంది" అని భాయ్ తలపట్టుకున్నాడు, తను చేసిన పనికే.

"కంప్యూటరుకు గింత మంచి గొంతున్నదా?"

అప్పుడు బావ ఒక పని చేశాడు. ఆయన పక్కన పాత మిక్సరు ఒకటి ఉండేది, బోలెడు బుడిపెలతో. దాని తీగ ఎప్పుడో ఊడిపోయింది. దానికీ కంప్యూటరుకూ ఏ సంబంధమూ లేదు. బావ గంభీరంగా దాన్ని సారు ముందుకు జరిపి, ఒక బుడిపె చూపించాడు. "సారూ, మాటలు దీంట్ల ఉన్నయి. మీకు సాలేదాంక తిప్పుకోండి."

సారు చెవి స్పీకరు వైపు పెట్టి, బుడిపెను వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పాడు. "ఆఁ... ఆఁ... ఇప్పుడు చూడు. ఒక్కొక్క అక్షరం!" అన్నాడు.

సారు ఫోను మోగి బయటికి పోగానే బావ అదే బుడిపెను పెద్దవ్వకు చూపించాడు. ఆమె ఒక్కసారే చివరిదాకా తిప్పేసింది. "ఇగో, గిప్పుడు గుంజింది పాట" అంది. నేను చాయ్ కప్పులు తీసే మిషతో బయటికి పారిపోయి, పెరట్లో బోరింగు పట్టుకుని నవ్వాను. అక్క వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేక ఆమె భుజం మీద పడ్డాను.

పాట సిద్ధమైంది. బావ తనకు నచ్చినట్టే చేశాడు, బాగా చేశాడు. అన్నిటికంటే పైన మూటలోని ఆఖరి ప్లగిన్ వేశాడు. మొత్తం పాటకు మెరుగుపెట్టేది అది. అది వేశాక పాట బావిలోంచి లేచి రోడ్డు మీదికొచ్చి నిలబడింది. బావ కళ్లు తుడుచుకున్నాడు. ఇక సీడీలోకి ఎక్కించడమే తరువాయి.

అప్పుడు కరెంటు పోయింది. ఆ రోజు రాలేదు. వంటావార్పు నాటి పొద్దున వచ్చింది. సారు అప్పటికే బయట మోటారు సైకిలు దిగకుండా హారను కొడుతున్నాడు. కంప్యూటరు పాటను తయారుచేసి ఇవ్వడానికి పాట నిడివంత సేపు అక్కర్లేదు, గబగబా చేసిస్తుంది. మనిషి వినాలంటేనే అంత సేపు కావాలి. వినే తీరిక ఎవరికుంది? తెర మీద ఇంగ్లీషులో ఏదో చిన్న డబ్బా వచ్చిందని, తను సరే అని నొక్కేశానని బావ తర్వాత చెప్పాడు. ఆ సమయంలో నేను అక్కతో పాటు ఉల్లిగడ్డలు సంచిలో పోస్తున్నాను.

హైవే మీదికి చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. రాళ్ల పొయ్యిల వరస, పెద్ద పెద్ద గుండిగలు, కట్టెల పొగ. లారీల డ్రైవర్లు దిగి తలో చెయ్యి వేస్తున్నారు, తినకుండా పోలేరు కనుక. పెద్దవ్వ కొత్త చీర కట్టుకుని, గరిటె పట్టుకుని గుండిగ పక్కన నిలబడింది, తన పాట రాగానే అందరూ తన వైపు చూస్తారని. ఆంప్లిఫయరు, మైకు సెట్టు ఉన్న మనిషి సీడీ పెట్టాడు.

పాట ఎత్తుకుంది. జనం తలలు తిప్పారు. బావ నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. మొదటి చరణంలో పెద్దవ్వ గొంతు పైకి లేచి, లేచి, ఇక విరుచుకుపడబోయే చోట...

చప్పుడు లేదు. పూర్తిగా నిశ్శబ్దం. గుండిగలో ఉల్లిగడ్డలు చుయ్ చుయ్‌మని వేగుతున్నది మాత్రం రోడ్డంతా వినబడింది. మైకు సెట్టు మనిషి ఆంప్లిఫయరు నెత్తి మీద ఒకటి కొట్టాడు. సరిగ్గా అప్పుడే పాట తిరిగొచ్చింది, కానీ రెండు మాటలు మింగేసి. "సర్దిన" అన్నాడతను గర్వంగా.

బావ నా మోచేయి వదిలేశాడు. "మరదలా, గడువు ఎన్నడిదాంకనో సూసినవా?"

అనవలసింది అదివరకే చదివి వినిపించాను.

కొంతసేపటికి మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ దెబ్బ. మళ్లీ పాట. ఈసారి సారు రాసిన వాటిలో ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన పంక్తి పోయింది. సారు మొహం చూడలేకపోయాను. పెద్దవ్వ అయితే గరిటెతో సహా బావ మీదికి వచ్చింది.

"నా గొంతు కోసినవ్ గద బిడ్డా!"

ఆ మాట తెలుగులో మామూలుగా మోసపోయినవాళ్లు అంటారు. ఆమె అన్నది అక్షరాలా నిజం. బావ రెండు చేతులూ జోడించాడు.

మూడోసారి పాట ఆగినప్పుడు, ఆ నిశ్శబ్దాన్ని భరించలేక కావచ్చు, లారీ టాపు మీద కూర్చున్నవాళ్లెవరో "జై..." అని అరిచారు. రోడ్డు రోడ్డంతా "తెలంగాణ!" అంది. ఆ కేక అట్లా ముగిసిందో లేదో, పెద్దవ్వ గొంతు ఠపీమని అందుకుంది. ఎవరో లోపల కూర్చుని లెక్కగట్టి వదిలినట్టు. జనం ఈలలు వేశారు. పాట అయిపోగానే మళ్లీ వెయ్యమన్నారు. ఈసారి అందరూ కాచుకుని ఉన్నారు. పాట ఆగడం, రోడ్డు దద్దరిల్లడం, పాట అందుకోవడం. మైకు సెట్టు మనిషి ఆంప్లిఫయరును కొట్టడం మానేసి, చెయ్యి పైకెత్తి జనానికి సైగ చెయ్యడం మొదలుపెట్టాడు.

పెద్దవ్వ ఎప్పుడు మా దగ్గరి నుంచి వెళ్లిందో తెలియదు. చూస్తే గుండిగ పక్కన పీట మీదికెక్కి, గరిటె ఊపుతూ, తన పాట ఆగినప్పుడల్లా "జై" అంటున్నది ఆమే.

సారు జనాన్ని తోసుకుంటూ వచ్చి బావను కావలించుకున్నాడు. "ఎంత ఆలోచన! పాటల ప్రజలకు జాగ ఇడిసిపెట్టినవ్. నేను రాసేటప్పుడు నాకు తట్టనే లేదు!"

బావ నా వైపు చూశాడు. నేను గుండిగలోకి చూశాను.

ఆ తర్వాత చంద్లాపూర్ నుంచి, మర్కూక్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఆ సీడీ కోసం వచ్చారు. బావకు మాత్రం సిగ్గుగా ఉండేది. పనిమంతుడు కదా, తప్పు సరుకును చేత్తో ఇవ్వలేకపోయాడు. మూటలోని ప్లగిన్లన్నీ తీసేసి, తన దగ్గరున్న పాత సరంజామాతోనే పాటకు మెరుగు పెట్టి, ఎక్కడా ఆగకుండా నిండుగా పాడే సీడీలు చేసి ఇచ్చాడు. మర్కూక్ వాళ్లు మర్నాడే తిరిగొచ్చారు.

"అన్నా, గిది డూప్లికేటు."

"గిదే అసలుది! గాడ ఏసింది ఖరాబైంది!"

"అసలు దాంట్ల మేం మొత్తుకునెటందుకు జాగ ఉంటది. గిండ్ల ఆమె ఒక్కతే మొత్తుకుంటున్నది."

బావ ఎంత చెప్పినా వినలేదు. చివరికి కత్తెర పట్టి, పాట మధ్యలో చేత్తో నిశ్శబ్దం పెట్టాడు. చరణం ముగిసిన చోట, మాట తెగకుండా, మర్యాదగా. అదీ వెనక్కి వచ్చింది. ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసిపోతోందని, మజా లేదని. విసుగెత్తి ఆ వంటావార్పు సీడీనే కాపీలు తీసి ఇచ్చాడు. అందరూ సంతోషంగా తీసుకుపోయారు.

పెద్దవ్వ చిన్న కొడుకు భివండీలో మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. ఆ సీడీ ఎవరి చేతనో అక్కడికీ పోయింది. కొన్నాళ్లకు పెద్దవ్వ సజ్జరొట్టెలు కట్టుకుని మా ఇంటికి వచ్చింది. కొడుకు ఫోను చేశాడట. మగ్గాల మోతలో పాట సరిగా వినబడదని, భోజనాల వేళ మగ్గాలు ఆపి వింటున్నారని చెప్పాడట.

"గాడ గూడ అరుస్తున్రట బిడ్డా. పక్క షెడ్డు మరాఠోళ్లు ఏమైందని ఉరికొచ్చిన్రట" అంది. నవ్వుతూనే చెప్పి, చివర్లో కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు ఊరిడిసి పోయి శానేండ్లాయె. నా గొంతు ఇన్నడట." అక్క ఆమెకు రెండోసారి చాయ్ పోసింది.

రాష్ట్రం వచ్చింది. నేను టీచరునయ్యాను. భాయ్ సీటు కవర్ల దుకాణం తమ్ముడికి అప్పజెప్పి దుబాయి వెళ్లాడు. అక్కడ కుదురుకున్నాక ఒకనాడు, ఆ మూటను నిజంగానే కొని, దాని తాళం అంకెలు బావ ఫోనుకు పంపాడు. బావ నన్ను స్కూలు నుంచి పిలిపించి మరీ ఆ అంకెలు చదివించాడు. మూట పూర్తిగా తెరుచుకుంది. గడువు లేదు, నిశ్శబ్దం లేదు. కానీ అప్పటికి పాట రికార్డు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు లేరు. ఉద్యమం అయిపోయింది, పాటలు కట్టినవాళ్లు తమ తమ పనుల్లో పడ్డారు. గొంగళ్లకు పురుగు పట్టింది.

కొన్ని నెలలకు ఒక కూరగాయల ఆటో అతను వచ్చాడు. వీధి వీధి తిరుగుతూ అరిచి అరిచి గొంతు పోతోంది, రికార్డు చేసిస్తే స్పీకర్లో వేసుకుంటానన్నాడు. ఆడగొంతయితే బాగుంటుందన్నాడు. బావ అక్కను బతిమాలాడు. ఆమె తిట్టుకుంటూ, చేతికి పిండి ఉండగానే వచ్చి, గడప దగ్గరి మైకు ముందు నిలబడి, "టమాటలు, వంకాయలు, బెండకాయలు, పచ్చిమిర్చి, పాలకూర" అని ఒక్క గుక్కలో చెప్పి వెళ్లిపోయింది. బావ దాని మీద రెండు రోజులు కూర్చున్నాడు. మూటలో ఉన్నవన్నీ తీశాడు. గొంతును దిట్టం చేశాడు, మెరుగు పెట్టాడు, పెద్ద హాలులో నిలబెట్టాడు. వంకాయలు అన్నచోట చిన్నగా ఫ్లూటు కూడా పెట్టాడు.

ఆ ఆదివారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. సందు మొదట్లో ఆటో తిరిగింది. అక్క గొంతు సందంతా నిండింది. సభలో ఎవరినో వేదిక మీదికి పిలుస్తున్నంత గౌరవంగా బెండకాయలను పిలుస్తోంది. అక్క చీపురు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. ఎదురింటావిడ బయటికొచ్చి, "ఎవలే గామె? రేడియోల మాట్లాడేటామె లెక్కున్నది" అంది. అక్క చీపురు గోడకు ఆనించింది. లోపలికి పోయింది. కాసేపటికి జడ వేసుకుని, మంచి చీర కట్టుకుని బయటికి వచ్చింది. ఆటో అప్పటికి పక్క సందులోకి పోయింది.

ఆటో అతను మాత్రం రెండు రోజులకే బావ దుకాణానికి వచ్చాడు. "అన్నా, జర సాదాగ జేసియ్యరాదు? ఆడోళ్లు గొంతు ఇనుకుంట నిలవడుతున్రు. టమాటలు కొంటలేరు."

బావ మొహం నిండా వెలుగు. అతణ్ణి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మార్చి మాత్రం ఇవ్వలేదు.